వంతెనకు తలంటు

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదు. అయినా మా శింగనమల వైపు నాలుగు మంచి వానలు చూసినవాడు పెద్దమనిషి కిందే లెక్క కాబట్టి ధైర్యం చేస్తున్నాను. ఆ రోజుల్లో నాకు కొత్తగా కొలువు దొరికింది. ఊరి బయట వంక మీద, విజయనగర రాజుల నాటి రాతి వంతెనకు కాపలా. (వంకలో నీళ్లుండవు, వంతెననెవరూ ఎత్తుకుపోలేరు. ఇంత నిశ్చింత రాజులకు కూడా ఉండి ఉండదు.) ఉద్యోగం ఇంకా ఖాయం కాకముందే మా నాయన "మావోడు గవర్మెంటోడప్పా" అని బస్టాండంతా చాటేశాడు. ఖాయం చేయాల్సిన పెద్దసారు తనిఖీకి వస్తున్నాడని తెలిసి, వంతెన దగ్గర మేకలు మేపే మా పెద్దవ్వతో "కొంచెం శుభ్రంగా ఉంచవ్వా" అని చెప్పి, చొక్కా ఇస్త్రీకి అనంతపురం పోయాను. పొద్దున తిరిగొచ్చేసరికి వంతెన నిండా తెల్లటి సున్నం, దాని మీద ఎర్రటి జాజు పట్టీలు!

"ఏందవ్వా ఇది?"

"గడపకు పూస్తాం, గుడికి పూస్తాం. సారొస్తాండాడంటే దీనికి పూయకుంటే ఊరికి మర్యాదేనా?"

"రక్షిత కట్టడమవ్వా! రంగు తగలకూడదు."

"మరి ఆ ముక్క రాసిన బోర్డుకు మీరు నీలం రంగేసినారే?"

బోర్డు కనబడకుండా దానికి అడ్డంగా నిలబడ్డాను. "నా ఉద్యోగం పోతాదవ్వా" అన్నాక మాత్రం ఆమె ముఖం మారింది. ఆ పూటే ఊరికి నీళ్ల ట్యాంకరు వచ్చింది. "ఒగ దినం నీళ్లు పోసుకోకుంటే ఎవురూ చావం. బిందెలు పట్టుకరాండి!" అని కేకేసింది. ఊరంతా తడి గోనెసంచులతో వంతెనకు తలంటు మొదలుపెట్టింది. పెళ్లికొడుకునైనా మావాళ్లు అంతగా రుద్ది ఎరుగరు.

పని సగంలో ఉండగానే సారు జీపు ఆగింది. నా తొలి ఉద్యోగానికి మనసులోనే దినం పెట్టేస్తుండగా, కింది నుంచి అవ్వ అరిచింది: "రేయ్, ఈడ చేపుండాది!"

ఎండిన వంకలో చేపేమిటని అందరం దిగాం. కొత్త సున్నంతో పాటు ఏ కాలపు సున్నమో ఊడి, స్తంభం మీద నా ఛాతీ ఎత్తున చెక్కిన చేప బయటపడింది. సారు కోప్పడటం మరిచిపోయి దాన్ని వేలితో తడిమాడు. "అప్పట్లో నీళ్లు ఇంతవరకూ వచ్చేవని గుర్తు పెట్టుంటారు" అన్నాడు.

అవ్వ ఆ చేపను కొంగుతో తుడిచి అంది: "వచ్చిన నీళ్లకు దావ తెలుసులేప్పా. మళ్లా వస్తాయి."

ఇకపై సున్నం జోలికి పోవద్దని సారు ఊరికి చెప్పాడు, చేప జాగ్రత్తని నాకు చెప్పాడు. ఉద్యోగం నిలిచింది. ఆ ఏడే వంకకు చీలమండ లోతు నీళ్లొచ్చాయి. మా వంతెన వంతెనలా కనబడటం నేనదే మొదటిసారి చూడటం. ఇప్పటికీ వాన పడితే చేప ఇంకెంత దూరంలో ఉందో చూడటానికి పోతాను. ఆ తొలి నీళ్లలో, ఇస్త్రీ చొక్కా మడతపెట్టి నెత్తిన పెట్టుకుని, చేప పక్కన స్తంభాన్ని గట్టిగా వాటేసుకుని నిలబడ్డ కుర్రాడు గుర్తొస్తాడు. వాడికి (అంటే నాకే) ఈత రాదు. చీలమండ లోతులోనే, నీళ్లు చేప దాకా వచ్చేస్తాయని నమ్మేశాడు, పిచ్చోడు.