ఏడో దీవి తోట

గంగాదేవికి ఐదో నెలలో కడుపు పోయింది. పది రోజులు సెలవు పెట్టి, పదకొండో రోజు పద్మారావు నగర్‌లో బస్సెక్కి సైనిక్‌పురిలోని ఆఫీసుకు వచ్చేసింది.

"ఏందమ్మా, గప్పుడే వచ్చినవ్? జెర ఆరాం చేయరాదూ?" అంది ఊడ్చే రోసమ్మ.

"ఇంట్లో ఏం చెయ్యను?" అంది గంగాదేవి.

అది 2009. ఆఫీసంటే ఒక మేడమీద రెండు గదులు, మూడు సర్వర్లు. విదేశాలవాళ్లు బొమ్మ మనుషులై తిరిగే ఆన్‌లైన్ లోకం వాటిలో నడిచేది. ఒక్కో సర్వర్‌లో ఎనిమిది వర్చువల్ మెషీన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌తో విడదీసిన ఉత్తుత్తి కంప్యూటర్లు, ఒక్కో మెషీన్ మీద ఒక్కో దీవి. మెషీన్ ఆగితే దీవి ఆగిపోతుంది. ఆగకుండా చూడడమే ఆమె ఉద్యోగం.

ఆ మధ్యాహ్నం ఏడో దీవి ఆగింది. గంగాదేవి అంతకుముందు తీసి దాచిన కాపీని ఎక్కించింది. ఐదు నిమిషాల్లో దీవి లేచింది. తేదీ తర్వాత చూసింది. అది తను సెలవు పెట్టకముందుది. ఆ తర్వాత ఎవరూ కాపీ తియ్యలేదు. ఆ పది రోజుల్లో దీవిలో చేసిందంతా పోయింది.

గంటకు, ఆ దీవిలో తోట పెంచుకునే హెలెన్ అనే రిటైర్డ్ టీచర్ నుంచి ఈమెయిల్ వచ్చింది: 'ఈ వారమే నలభై చెట్లు నాటాను. నా తోట ఏమైంది?'

"డిస్క్ పాడైందని రాసెయ్యండి" అన్నాడు మేనేజరు సత్యదేవ్.

"డిస్క్ బానే ఉందండి. నేనే తేదీ చూడకుండా పాత కాపీ ఎక్కించాను."

"అదంతా వాళ్లకెందుకండీ?"

గంగాదేవి జరిగింది జరిగినట్టే రాసి పంపింది. సత్యదేవ్ ఆమె వెనక నిలబడి చదివి, తన సీటుకు వెళ్లిపోయాడు. సాయంత్రం జవాబొచ్చింది: 'సరే. మళ్లీ నాటుకుంటాను.' ఆమె రెండుసార్లు చదివింది. సిగ్గూ కలగలేదు, ఊరటా కలగలేదు.

"మధ్యాహ్నం తిన్నావేటి?" అని ఇంట్లో అడిగాడు భర్త కల్యాణ్, కంచాలు పెడుతూ.

"ఇవాళ ఒకావిడ తోట పోగొట్టీసాను."

"ఏటందావిడ?"

"మళ్లీ నాటుకుంటానంది."

కల్యాణ్ కళ్లు నిండాయి. ముఖం తిప్పుకున్నాడు. గంగాదేవి అతని భుజాల వైపు చూస్తూ కూర్చుంది.

"అన్నం చల్లారిపోతంది" అంది.

నెలాఖరుకు ఏడో దీవిలో ముప్పై చెట్లు లేచాయి. ఆమె రోజూ కాపీ తీసి, తేదీ సరిచూసి, బస్సుకు బయల్దేరేది. ఆమెకు ఏడుపు వానాకాలం వెళ్లాక వచ్చింది, ఒక ఆదివారం కూరగాయల బండి దగ్గర, బీరకాయలు ఏరుతుండగా. బండామె గంగాదేవి చేతిలోంచి సంచీ అందుకుని, పక్కన నిలబడింది.