గిరి మామ చొక్కా

ధర్మవరంలో జ్యోతిలక్ష్మి వాళ్ళ వీధికి నీళ్ళ ట్యాంకరు ఆరు రోజులకొకసారి వస్తుంది. అందాకా ఇంట్లో విడిచిన బట్టలన్నీ మగ్గం పక్కన మూటగా పడి ఉంటాయి. పదో తరగతితో బడి మాని రాట్నం ముందు కూర్చున్న జ్యోతిలక్ష్మి, పందొమ్మిదో ఏట ఒక పెళ్ళి తప్పించుకోవడానికి ఆ మూటను నమ్ముకుంది.

రేపు శుక్రవారం తాంబూలాలు. పెళ్ళికొడుకు గిరి ఆమె మేనమామ, తల్లి సుశీలమ్మకు ఒక్కడే తమ్ముడు. జ్యోతికి ఊహ తెలిసినప్పటినుంచీ ఈ ఇంట్లోనే ఉంటూ, మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని పట్టుచీరలు నేస్తున్నాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే ఆమెను భుజాన వేసుకుని ఆస్పత్రికి మోసింది అతనే. వద్దనడానికి అతనిలో ఒక్క తప్పు దొరకదు.

“ఇష్టం ల్యాకుంటే గురువారం లోపల చెప్పు పాపా. అక్కతో నేనే మాట్లాడ్తా,” అని అతనే అన్నాడు. గురువారం వచ్చింది. వద్దని చెప్పడానికి ఆమె ఇంకా ఒక కారణం వెతుక్కుంటూనే ఉంది.

ఆ వారమే అమ్మ ఫోను తీసుకుని జ్యోతి ఒక వ్యాసం చదివింది. స్విట్జర్లాండులో నలభై నాలుగు మంది కుర్రాళ్ళకు చొక్కాలిచ్చి రెండు రాత్రులు తొడుక్కోమన్నారట. ఏది ఎవరిదో చెప్పకుండా నలభై తొమ్మిది మంది అమ్మాయిలకు వాటి వాసన చూపించారట. రోగాలను ఎదిరించే జన్యువులు తమకు భిన్నంగా ఉన్నవాళ్ళ వాసనే చాలామందికి నచ్చిందట. తర్వాతి పరిశోధనలన్నీ దీన్ని బలపరచలేదని చివర్లో రాశారు. ఆ వాక్యాన్ని ఆమె గబగబా దాటేసింది.

ఇప్పుడు, గిరి గుంతలో తల వంచుకుని నేస్తుండగా, మూట విప్పి, కళ్ళు మూసుకుని, చేతికందిన గుడ్డ ముఖానికి ఆనించుకుంది. చెమట, పట్టుదారం, ఎండిన గంజి. అమ్మ రవిక అనుకుంది. కళ్ళు తెరిస్తే గిరి మామ చొక్కా.

“ఏమ్మే, మైల బట్టల్ని అట్ల వాసన చూస్తాండావు?” వెనక సుశీలమ్మ.

జ్యోతి చొక్కా దించలేదు. “అమ్మా, మామ వాసనా నీ వాసనా ఒకటే. వాసన వేరుగా ఉండేవాళ్ళ మీదనే మనసు పోతాదంట. లెక్క తీసి చెప్పినారు.”

“ఎంతమందిని తీసినారు?”

“నలభై తొమ్మిది మంది ఆడపిల్లల్ని.”

“అంతేనా! మన వీధిలోనే అంతకంటే ఎక్కువ మంది మేనమామల్ని చేసుకున్యారు. కాపురాలు చేస్తాండ్లా? ఇంటి వాసనే అయితే ఇంగేం కావాల నీకు?”

మగ్గం చప్పుడు ఆగింది. గుంతలోంచి గిరి తల ఎత్తాడు. ముఖంలో నవ్వుంది గాని కళ్ళల్లో లేదు.

“పాపా, నేనేమన్నా కంపు కొడ్తాండానా?”

చెప్పాల్సిన మాట ఈ పెళ్ళి వద్దని. అతను అడిగింది మాత్రం అది కాదు. అడిగినదానికి ఆమె దగ్గర ఒకటే నిజం ఉంది.

“లే మామా.”

“లేదంట, విన్న్యావు గదా,” అంది సుశీలమ్మ. గిరి ఒక్క క్షణం జ్యోతి వైపే చూసి, తల వంచుకున్నాడు. మగ్గం మళ్ళీ ఆడింది.

వీధి చివర ట్యాంకరు హారన్ వినపడింది. బిందెల మోత మొదలైంది.

“ఆ చొక్కా ముందు ఉతుకు. రేపు తాంబూలాలకు వాడు ఏసుకోవాల,” అంటూ సుశీలమ్మ రెండు బిందెలతో పరుగెత్తింది.

జ్యోతి చొక్కాను ఇంకోసారి ముఖానికి ఆనించుకుంది. జ్వరం నాటి భుజం వాసనే. దాన్ని ఉతకడానికి నీళ్ళకని ఖాళీ బకెట్ తీసుకుని తల్లి వెనకే నడిచింది.