జర్మనీ పాటకు రెండు చెనక్కాయలు

మా చిన్నప్పుడు... మదనపల్లె మిషన్ కాంపౌండులో, మార్తా సిస్టరమ్మ వరండాలో, అయిదుగురం పిల్లలం చాప మీద కూర్చుని జర్మనీ పాటలకు మార్కులు వేసేవాళ్లం. నవ్వకండి... నిజంగానే!

సిస్టరమ్మ జర్మనీ నుంచి వచ్చిన నర్సు. మా అమ్మ ఆవిడ దగ్గర ఆయా. యూరప్ దేశాలన్నీ కలిసి ఏటా పెట్టుకునే పాటల పోటీ ఒకటుంది కదా... దానికి తమ తరఫున ఏ పాట వెళ్లాలో జర్మనీవాళ్లు ముందు తమలో తాము తేల్చుకుంటారు. ఆ పాటలన్నీ రేడియోలోంచి క్యాసెట్‌కు ఎక్కించి, ఆవిడ చెల్లెలు పోస్టులో పంపేది.

మేం తీర్పు చెప్తే సిస్టరమ్మ ఉత్తరం రాసేది. అది అక్కడికి చేరేసరికి పోటీ అయిపోయి, గెలిచినవాళ్లు ఇళ్లకు పోయి ఉండేవాళ్లు. అయినా మా తీర్పు మాదే...

మార్కులు వేసే పద్ధతి ఆవిడ కనిపెట్టిందే. ఒక్కో పాటకు ఒక్కొక్కరికి పది వేయించిన చెనక్కాయలు... మీరు పల్లీలంటారేమో. తంబళ్లపల్లె నుంచి మా అవ్వ పంపిన మూటలోవే. పాట ఎంత నచ్చితే అన్ని కాయలు డబ్బాలో వేయాలి. మిగిలినవి తినేయొచ్చు. అంటే మంచి పాట వస్తే మన నోటికాడిది పోయినట్టే!

ఇంకో నియమం కూడా ఉండేది. కాయలు వేశాక ఆవిడ ఒక్కొక్కరినీ "యాల?" అని అడిగేది... ఎందుకన్ని వేశావు అని. మన తెలుగులోనే... ఈ ఊళ్లో నేర్చుకుంది కదా. చెప్పేదాకా కదిలేది కాదు. తొందరపెట్టేది కూడా కాదు.

పుంగనూరు నుంచి సెలవులకొచ్చే మా పెద్దమ్మ కొడుకు సుధాకర్‌కు ఈ ప్రశ్నంటే భయం. అందుకని అన్నిటికీ ఏడు వేసి, "బాగుండాది సిస్టరమ్మా" అనేసేవాడు. నేనలా కాదు. పాట బాగుంటే పదీ ఊడ్చి పోసేదాన్ని, లేకపోతే లేదు. జర్మన్ ఒక్క ముక్క రాదు... అయితే ఏం? ఆదివారం చర్చిలో ఎవరు మనసుపెట్టి పాడుతున్నారో, ఎవరు పక్కింటి పట్టుచీర చూస్తూ పాడుతున్నారో కళ్లు మూసుకుని చెప్పగలిగేదాన్ని.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు అనుకుంటా... ఆ ఏటి క్యాసెట్‌లో నాలుగో పాట మొదలవగానే సిస్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. అది చూసి మిగతా నలుగురూ పదికి పది వేసేశారు. నేను రెండు వేశాను.

సుధాకర్ ఊరుకుంటాడా... "సూడు సిస్టరమ్మా, తినేదానికే ఇది మార్కులు తగ్గిస్తాండాది!" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

సిస్టరమ్మ నవ్వలేదు. "యాలమ్మా?" అంది.

"మొదట్లో బాగుండాది సిస్టరమ్మా. ఆ యక్క సొంతంగా పాడతాండాది. నడిమికొచ్చినాక ఎవరో ఎనకనుంచి తోస్తాన్నట్టు అరస్తాండాది. ఆ యక్కకే ఇష్టం లేదు" అన్నాను.

ఆవిడ మెల్లిగా, "అది మా చెల్లెలి కూతురమ్మా" అంది. "నువ్వు సెప్పినట్టే రాస్తా."

సంగతి అమ్మకు తెలిసింది. "ఆయమ్మ పెట్టింది తింటా, నాలుగు కాయల కోసం ఆయమ్మ బిడ్డకే వంకలు పెడతావా? ఇంక ఆ వరండా తొక్కద్దు!" అంది. తిండికోసం అబద్ధం చెప్పానని అమ్మ కూడా నమ్మింది... దెబ్బలు తిన్నా అంత ఏడ్చేదాన్ని కాదు.

నిజానికి ఆ ఎనిమిది కాయలూ నేను తినలేదు. పాత పౌడరు డబ్బాలో దాచాను. రెండు నెలలు వరండా వైపు వెళ్లలేదు. సాయంత్రాలు అటునుంచి పాటలు వినిపిస్తే దిండు కింద తల పెట్టుకునేదాన్ని.

ఒకరోజు సిస్టరమ్మే మా గడప దగ్గరికొచ్చింది. చేతిలో ఉత్తరం, ఇంకో క్యాసెట్. అమ్మను కూర్చోబెట్టి ఉత్తరం తెలుగులో చదివి వినిపించింది. ఆ పాట పాడిన అక్క రాసింది... 'నడుమ అలా అరవమని పాట చేసినవాళ్లు పట్టుబట్టారు పెద్దమ్మా. నాకు ఇష్టం లేదు. ఇక్కడెవరూ కనిపెట్టలేదు. అదే పాట ఇంట్లో నాకు నచ్చినట్టు పాడి పంపుతున్నాను. ఆ పాపకు వినిపించు.'

విన్నాం. గిటారు ఒక్కటే... ఎక్కడా అరుపు లేదు. నేను లోపలికెళ్లి పౌడరు డబ్బా తెచ్చి, ఎనిమిది కాయలూ సిస్టరమ్మ ఒళ్లో పోశాను. మెత్తబడిపోయి, పౌడరు వాసన కొడుతూ ఉన్నాయి. అమ్మ వాటిని చూసింది... నన్ను చూసింది. దగ్గరికి లాక్కుంది.

ఇంకో రెండేళ్లకు సిస్టరమ్మ తన దేశం వెళ్లిపోయింది.

నేనిప్పుడు కుప్పంలో టీచర్ని. ఏటా జర్మనీ పాటల మీద ఇక్కడ రాస్తుంటే "నీకెందుకమ్మా జర్మనీ గోల?" అంటారు మీరు. ఇందుకే! నా మార్కులో తేడా రాదని ఇప్పటికీ నాకు నమ్మకమే. ఈసారి కూడా పళ్లెంలో చెనక్కాయలు పెట్టుకునే విన్నాను. ఒక పాటకు తొమ్మిది, మిగతావాటికి మూడూ నాలుగూ...

ఇప్పుడు పాటలు విడుదలైన రోజే ఫోన్‌లోకి వచ్చేస్తున్నాయి. నా మార్కులు చూసి వందమంది లైకు కొడతారు, పదిమంది తిడతారు... "యాలమ్మా?" అని అడిగి, నేను చెప్పేదాకా ఆగేవాళ్లు మాత్రం లేరు.

మీ చిన్నప్పుడు మీ మాట కోసం అలా ఆగిన మనిషి ఎవరైనా ఉంటే... ఇక్కడ రాయండి. తీరిగ్గా రాయండి, నేను ఆగుతాను.