నలభై ఒకటో నిమిషం తర్వాత

ఇది రాసిపెట్టమని మా అక్క అడిగింది. పలక మీద రాసి అడిగింది. ఆ రోజు విన్నవాళ్ళం ఐదుగురం. ఐదుగురమూ బతికి ఉండగానే జరిగింది జరిగినట్టు కాగితం మీద పెట్టమంది. ఇంకో కారణమూ ఉంది. ఈ సంగతి ఎవరికి చెప్పినా ఒకటే మాట అంటున్నారు, ఇప్పుడు కంప్యూటర్లు ఎవరి గొంతునైనా తయారు చేస్తాయి కదా అని. ఒక్కొక్కరికీ జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే మొదటి నుంచి వరుసగా రాస్తున్నాను.

నేను దయ్యాలనూ మహిమలనూ నమ్మినవాణ్ణి కాదు. పదో తరగతి తప్పాను గానీ, పెనుకొండ శాఖా గ్రంథాలయంలో సైన్సు బీరువా మొత్తం చదివాను. కొన్ని పుస్తకాలు రెండుసార్లు. ఇంగ్లీషువైతే నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. శబ్దం గాలిలో అల అనీ, ఆ అలను సెకనుకు వేలసార్లు కొలిచి అంకెలుగా దాచవచ్చనీ నాకు కాలేజీ చెప్పలేదు, ఆ బీరువా చెప్పింది. మా వీధిలో ఎవరికో గాలి సోకిందని నిమ్మకాయలు దిగదీస్తుంటే వాటిని పక్కకు నెట్టి ఆసుపత్రికి ఆటో పిలిచిన మనిషిని నేను.

హిందూపురంలో ఒక ఫ్యాక్టరీలో స్టోర్ కీపర్‌గా పని చేస్తున్నాను. పేరు శ్రీనివాసులు. ఇంట్లో ఒక ఆంప్లిఫయరు, రెండు పెద్ద స్పీకర్లు, ఒక మినీడిస్క్ డెక్కు ఉన్నాయి. డెక్కు నల్లచెరువు రెడ్డెప్ప దగ్గర కొన్నది. ఆయన కువైట్‌లో ఉన్నన్నాళ్ళూ దాన్ని వాడి, వచ్చేటప్పుడు దుప్పట్లలో చుట్టి తెచ్చుకున్నాడు. మినీడిస్క్ అంటే తెలియనివాళ్ళకు చెప్పాలి. అరచేతిలో పట్టే చదరపు ప్లాస్టిక్ డబ్బా, దాని లోపల చిన్న బిళ్ళ. పాట అంకెల రూపంలో ఆ బిళ్ళ మీదికి ఎక్కుతుంది. ఒక బిళ్ళకు డెబ్భై నాలుగు నిమిషాలు.

ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. రికార్డింగు ఆపగానే పని అయిపోదు. ఏ పాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో మిషను బిళ్ళ అంచున ఒక విషయసూచిక రాసుకుంటుంది. పుస్తకానికి ముందు పేజీ లాంటిది. అది రాయడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఈ లోపల కరెంటు పోతే, బిళ్ళలో పాట ఉన్నా మిషనుకు కనిపించదు. ఖాళీ బిళ్ళ అని చెబుతుంది.

ఇది నాకు ముందే తెలుసు. తెలిసీ జరిగింది.

మా అక్క రవణమ్మది ధర్మవరం. బావ నారాయణప్ప పట్టుచీరలు నేస్తాడు. అక్క పక్కన కూర్చుని పట్టుదారం కండెలు చుట్టేది, చుట్టినంతసేపూ పాడేది. ఎవరూ రాసిన పాటలు కావు. అప్పటికప్పుడు కట్టుకునేది. చీర రంగును బట్టి, అంచును బట్టి, మగ్గం చప్పుడును బట్టి పాట మారేది. ఎదురింటివాళ్ళు రేడియో ఆపి వినేవాళ్ళు.

ఆమె గొంతులో గడ్డ లేచింది. బెంగళూరులో చూపిస్తే క్యాన్సర్ అన్నారు. స్వరపేటిక తీసేయాలి, ఆ తర్వాత మాట ఉండదు అన్నారు. ఆపరేషనుకు తేదీ ఇచ్చారు. బయలుదేరే ముందు రోజు పొద్దున నేను మిషను, మైకు తీసుకుని ధర్మవరం పోయాను. ఆమె గొంతును దాచాలి. అప్పటికే బొంగురు పోతూ ఉంది.

సీలు విప్పని కొత్త బిళ్ళ పెట్టాను. మగ్గం ఆపించాను. ఫ్యాను ఆపించాను. మైకుకు జానెడు దూరంలో కూర్చోమన్నాను. అక్క కూతురు అనితకు అప్పటికి పెళ్ళయి మూడు నెలలు. తల్లిని చూడడానికి వచ్చి ఉంది. ఆ పిల్ల ఫోను తీసింది.

“మామా, దీంట్లో కూడా పట్టుకుంటా. ఒకటికి రెండుంటాయి.”

నేను ఒప్పుకోలేదు. ఫోను పక్కన ఉంటే మైకులో గరగర వస్తుందన్నాను. ఫోను రికార్డింగు గొంతును పిండి పిప్పి చేస్తుందని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. అక్క నవ్వింది.

“వాడు లైబ్రరీని మింగినోడు లేమ్మా. ఆ ఫోన్లన్నీ తీసి ట్రంకులో పడెయ్.”

అనిత పడేసింది.

అక్క నలభై ఒక్క నిమిషాలు పాడింది. నడుమ కొన్ని మాటలు చెప్పింది. చివర దగ్గు తెర వచ్చి చేతిగుడ్డలో రక్తం పడింది. నేను స్టాప్ నొక్కాను. మిషను అద్దంలో అక్షరాలు మినుకుమినుకుమంటున్నాయి, సూచిక రాస్తున్నానని.

సరిగ్గా అప్పుడు వీధిలో తప్పెటలు వినిపించాయి. ఎవరినో శ్మశానానికి తీసుకుపోతున్నారు. శవం ఇంటి ముందు నుంచి పోతుంటే మగ్గం ఆడకూడదని మా బావ వాళ్ళ నాయన కాలం నుంచి పట్టింపు. ఇప్పుడు మగ్గానికి డిజైను పోగులు ఎత్తే మోటారు జకార్డు ఉంది కాబట్టి బావ గోడకున్న మెయిన్ స్విచ్చు దించేస్తాడు. ఆ రోజు మగ్గం ముందే ఆగి ఉంది. అయినా చెయ్యి తన పని తాను చేసింది. తప్పెటలు వినిపించగానే లేచి స్విచ్చు దించాడు.

అద్దంలో అక్షరాలు ఆరిపోయాయి.

అందరం అక్క చుట్టూ ఉన్నాం. నీళ్ళు పట్టడం, వీపు నిమరడం. నేను మిషను మళ్ళీ వేసి చూడలేదు, పెట్టెలో సర్దేశాను. సాయంత్రం హిందూపురంలో ఇంటికి వచ్చి చూస్తే ‘బ్లాంక్ డిస్క్’ అని ఉంది.

అప్పటికీ ఒక దారి ఉండింది. ఆపరేషనుకు ఇంకా రెండు రోజులు ఉంది. ఫోన్ చేసి చెప్పి ఉంటే అనిత ఆసుపత్రి మంచం పక్కన తన ఫోన్లో నాలుగు మాటలైనా పట్టుకునేది. నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే సిగ్గు అనే చెప్పాలి. అంత ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపట్లో స్వరపేటిక తీసేశారు.

ఆ తర్వాత ఏడాదిన్నర నేను బతికిన బతుకు పగవాడికి వద్దు. పోయినప్పుడల్లా అక్క పలక తీసి రాసేది, పాటలు పెట్టమని. మిషను బెల్టు తెగిందన్నాను. బెంగళూరు నుంచి విడిభాగం రావాలన్నాను. ఆమె నమ్మేది. నమ్మి పలక తుడుచుకునేది. ఆ తుడుచుకోవడం చూడలేక నేను పోవడమే తగ్గించాను. ఆసుపత్రిలో గొంతుకు ఆనించుకుని మాట్లాడే ఒక పరికరం ఇచ్చారు. ఒకసారి వాడి బీరువాలో పెట్టేసింది.

ఈ మధ్యలో అనితకు ఆడపిల్ల పుట్టింది. కాన్పు ధర్మవరంలోనే. పిల్లకు తన్విక అని పేరు పెట్టారు. పేరు తండ్రి తరపువాళ్ళు జాతకం చూపించి తెచ్చారు. నామకరణం రోజు పొద్దున దాకా మాకెవరికీ ఆ పేరు తెలియదు.

పిల్లకు నాలుగో నెల నడుస్తుండగా అక్క మెడ పక్కన మళ్ళీ గడ్డ తేలింది. కరెంటు పెట్టించాలి, అంటే రేడియేషన్, వెంటనే రమ్మన్నారు. అక్క రానంది. బావ బతిమాలాడు, అనిత ఏడ్చింది. నన్ను పిలిపించారు. అక్క పలక మీద పెద్ద అక్షరాలతో రాసి నా ముఖం ముందు పెట్టింది.

“నా గొంతు ఇనిపించు. ఇన్నాక పోతా.”

అప్పటికే నేను బిళ్ళను ఎలా బతికించాలో వెతుకుతూ ఉన్నాను. ఇంటర్నెట్‌లో పరదేశాలవాళ్ళు ఎప్పుడో రాసుకున్న పాత చర్చల్లో ఒక ఉపాయం దొరికింది. వేరే బిళ్ళలో డెబ్భై నాలుగు నిమిషాల మౌనం రికార్డు చేయాలి. మిషను సూచిక రాయబోయే ముందు మూత విప్పి, దానికి తెలియకుండా బిళ్ళ మార్చాలి. అప్పుడది ఆ సూచికను మన బిళ్ళ అంచున రాస్తుంది. మొదటి నుంచి చివరి దాకా ఒకే పాట ఉందని నమ్ముతుంది. చెయ్యి తప్పితే ఉన్నది కూడా చెరిగిపోవచ్చు.

మిషను తీసుకుని పెనుకొండలో మహబూబ్ బాషా దగ్గరికి పోయాను. ముప్పై ఏళ్ళుగా రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తున్న మనిషి. ముందు వేరే బిళ్ళలతో చేసి చూశాం. రెండు పాడయ్యాయి. మూడోది పలికింది. నాలుగోది అక్కది.

“చేతులు వణుకుతాండాయి నీకు. నువ్వు జరుగన్నా, నేను మారుస్తా” అన్నాడు బాషా.

మధ్యాహ్నం నమాజుకు కూడా పోకుండా చేశాడు. ప్లే నొక్కాడు. మొదట అక్క గొంతు సవరించుకోవడం వినిపించింది. తర్వాత పాట. ఒక్క నిమిషం విని ఆపేశాం. ముందు వినాల్సింది ఆమె.

మరునాడు పొద్దున బాషాను వెంటబెట్టుకుని ధర్మవరం పోయాను. అక్క, బావ, అనిత, బాషా, నేను. ఉయ్యాలలో పిల్ల నిద్రపోతూ ఉంది. స్పీకర్లు పెట్టి ప్లే నొక్కాను. నలభై ఒక్క నిమిషాలు ఎవరూ కదల్లేదు. అక్క కళ్ళు మూసుకుని వింది. దగ్గు వచ్చింది, స్టాప్ నొక్కిన చిన్న చప్పుడు వచ్చింది, తర్వాత ఏమీ లేదు. నేను ఆపబోతే అక్క చెయ్యి ఎత్తి వద్దంది. ఆ నిశ్శబ్దంలో అట్లాగే కూర్చున్నాం. మిషను అద్దంలో నిమిషాలు మాత్రం కదులుతున్నాయి.

యాభై రెండో నిమిషంలో మగ్గం మోటారు మొదలైంది.

బావ ఉలిక్కిపడి లోపలి గది వైపు చూశాడు.

“మగ్గం ఎవురేసినారు?”

ఎవరూ వేయలేదు. లేచి చూసి వచ్చాడు. మగ్గం ఆగే ఉంది. ఆ చప్పుడు స్పీకర్లలోంచి వస్తూ ఉంది. దాని వెనకాల ఉయ్యాల గొలుసు కిర్రుమంటూ ఉంది. తర్వాత అక్క గొంతు. బొంగురు లేదు. పదేళ్ళ కిందటి గొంతులా ఉంది.

“గంధం రంగు చీర ఆరె తన్వికమ్మా, గడపకాడ ఎండ జారె పండుకోమ్మా.”

అనిత రెండు చేతులతో నోరు మూసుకుంది. బాషా పెదాలు కదుపుతూ ఏదో చదువుకోసాగాడు. పాట ఆరు నిమిషాలు సాగింది. పిల్ల పేరు తొమ్మిదిసార్లు వచ్చింది. తర్వాత డెబ్భై నాలుగు నిమిషాల దాకా మళ్ళీ మౌనమే.

పాట అయ్యాక అందరం అక్క ముఖం చూశాం. ఆమె భయపడలేదు. పలక తీసుకుని తీరికగా రాసింది.

“ఇది నేను దినామూ పాడేదే. మీకెవురికీ ఇనపడలే.”

బావ అప్పుడు చెప్పాడు. దినామూ మధ్యాహ్నం తను నేస్తుంటే అక్క ఉయ్యాల ఊపుతూ పెదాలు కదిలించడం చూశాడట. దేవుణ్ణి తలుచుకుంటూ ఉందిలే అనుకున్నాడట.

నేను చదివినంత మేరకు అన్ని దారులూ వెతికాను. బిళ్ళ కొత్తది, సీలు నేనే విప్పాను. పిల్ల పుట్టక ముందు నుంచీ, బాషా దగ్గరికి తీసుకుపోయేదాకా అది హిందూపురంలో నా ఇనుప బీరువాలో ఉంది, తాళం నా దగ్గర ఉంది. రికార్డింగు రోజు మగ్గం ఆగి ఉంది, ఆ ఇంట్లో ఉయ్యాలే లేదు. సూచిక తెచ్చిన బిళ్ళలో ఉన్నది మౌనం, పైగా సూచికతో పాటు పాట రాదు. కంప్యూటరు చేసిందంటారా, దానికి నేర్పడానికి అక్క గొంతు వేరే ఎక్కడా లేదు. అనిత పెళ్ళి వీడియోలో ఉన్నది మేళాల కింద నాలుగు మాటలు. ఇక ఏ దారీ నాకు తోచలేదు. సైన్సు బీరువా ముందు మళ్ళీ నిలబడ్డాను గానీ ఏ పుస్తకం తీయాలో తెలియలేదు.

ఆ రోజే అక్కకు నా అబద్ధాలన్నీ చెప్పాను. ఆమె పలక పక్కన పెట్టింది. నా నెత్తి మీద ఒక మొట్టికాయ వేసింది. ఆ సోమవారం బెంగళూరు రైలెక్కింది. చికిత్స నడుస్తూ ఉంది. గడ్డ కరుగుతుందో లేదో వచ్చే నెల చూస్తామన్నారు. మాకు తెలిసింది అంతే.

నాకు అక్షరాల మీద ఆశ పెట్టిన పెనుకొండ లైబ్రేరియన్ ఓబులేసు సారుకు, మిషను ఇచ్చిన నల్లచెరువు రెడ్డెప్పకు, వణకని చేతులున్న మహబూబ్ బాషాకు, ఆ రోజు ఫోను ట్రంకులో పెట్టించినా నన్ను ఒక్క మాట అనని అనితకు, రాయమని అడిగిన రవణక్కకు నా కృతజ్ఞతలు.

మా బావ నారాయణప్పకు కూడా. స్విచ్చు దించినందుకు ఏడాదిన్నర ఆయన్ని మనసులో తిట్టుకున్నాను. ఆ పొద్దు కరెంటు పోకపోతే మిషను నలభై ఒక్క నిమిషాలకే సూచిక రాసి మూసేసేది. ఆ తర్వాత ఏముందో వెతకడం ఎవరికీ తట్టేది కాదు.

ఆ రోజు అక్కావాళ్ళ వీధిలో తప్పెటలతో సాగనంపిన ముసలాయన ఎవరో ఈ మధ్య కనుక్కున్నాను. పేరు హనుమంతప్ప, ఆయనా నేతగాడే. ఆయనకు కూడా.