ఉమ్మడి ఫోల్డర్

పద్మప్రియ ఎవరిచేతా మాట పడే రకం కాదు. మేనమామ గోవిందయ్య ముందు మాత్రం ఆమెకు నోరు పెగిలేది కాదు. ఎంసీఏ చదివించిందీ, కర్నూలులో తన కంప్యూటర్ల ఆఫీసులో కూర్చోబెట్టిందీ ఆయనే మరి.

రెండు వేల ఆరులో ఆ ఆఫీసు ఊళ్ళోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి రెండు జావా ప్రోగ్రాములు నడిపేది. ఒకటి మందుల దుకాణానికి, ఇంకొకటి బ్లడ్ బ్యాంకుకు. రెండూ ఒకే సర్వర్‌లో ఉండేవి. రెండిటికీ కావలసిన లైబ్రరీ ఫైళ్ళను, అంటే జార్‌లను, ఒకే ఉమ్మడి ఫోల్డర్‌లో వేశారు. దేనివి దాని దగ్గరే పెడదామని పద్మప్రియ పోరింది. ఆయన వింటేనా! కిరాణా బజారులో పుట్టి పెరిగిన మనిషి.

"మన మూడంగళ్ళకూ గోదాము ఒగటే గదమ్మా. ఒగే సరుకు రెండు తావుల పెట్టుకుంటే ఎవురైనా నగరా?" అన్నాడు.

ఆమె ఊరుకుంది. ఊరుకోకుండా ఉండాల్సింది.

ఆ ఎండాకాలం మందుల ప్రోగ్రాముకు ఒక జార్ కొత్తది కావలసి వచ్చింది. పద్మప్రియ ఆసుపత్రికి వెళ్ళి, ఉమ్మడి ఫోల్డర్‌లో పాతది తీసి కొత్తది వేసి, సర్వర్ ఆపి మళ్ళీ నడిపించింది. మందుల బిల్లు చక్కగా వచ్చింది. ఇంకో తావుకు పోవాలంటూ మామ ఫోనులో ఒకటే తొందర. బ్లడ్ బ్యాంకు పేజీ తెరిచి చూడకుండానే వెళ్ళిపోయింది. ఏం కొంపలు మునిగిపోయాయని అంత తొందర?

బ్లడ్ బ్యాంకు ప్రోగ్రాముకు ఆ పాత జారే కావాలి. అది లేకపోయేసరికి, ఏ గ్రూపు వెతికినా రక్తం లేదన్నట్టు ఖాళీ పేజీ చూపించింది. ఆ మధ్యాహ్నం అదే ఆసుపత్రిలో కాన్పయిన జీవమ్మకు రక్తస్రావం ఆగలేదు. బ్లడ్ బ్యాంకు గుమాస్తా బొజ్జన్న ఆమె గ్రూపు పేజీలో వెతికి, ఫ్రిజ్ తెరవకుండానే లేదన్నాడు. డాక్టరు ఆమెను వేరే ఆసుపత్రికి పంపేశాడు.

కాసేపటికి బొజ్జన్నకే అనుమానం వచ్చి పద్మప్రియకు ఫోను చేశాడు. "ఏ గ్రూపు కొట్టినా ఖాళీగానే సూపిస్తాండాదమ్మా. కాన్పయినామెకు గూడా రగతం లేదనేసినా."

పద్మప్రియ ఫోనులోనే అరిచింది. "ఫ్రిజ్ తెరిచి చూడన్నా. ఆమెను పంపొద్దు."

"పంపించేసినారమ్మా."

ఆటోలో పరుగున వచ్చి, పాత జార్‌ను బ్లడ్ బ్యాంకు ప్రోగ్రాము సొంత ఫోల్డర్‌లో పెట్టింది. ఈసారి ఎవరినీ అడగలేదు. పేజీ నిండింది. జీవమ్మ గ్రూపు రక్తం ఉంది. జీవమ్మ మాత్రం దారిలోనే పోయింది.

మరునాడు జీవమ్మ అన్న దావీదురాజు ఆసుపత్రికి వచ్చాడు. మంగంపేట గనుల్లో కూలి. కాన్పుకు ముందే ఇంటివాళ్ళు రక్తం ఇచ్చి ఉంచాలన్నది ఆ ఆసుపత్రి పద్ధతి. చెల్లెలిదీ అతనిదీ ఒకటే గ్రూపు కావడంతో తనే ఇచ్చాడు.

సంగతి తెలిసి వచ్చి ఉన్న గోవిందయ్య, మేనకోడలి చేయి గట్టిగా పట్టుకున్నాడు. "నువ్వేం మాట్లాడొద్దు" అని గొణిగాడు.

దావీదురాజు అరవలేదు, తిట్టలేదు. "నేనిచ్చిన రగతం యాడికి పోయిందప్పా? ఇంకెవరికన్నా ఎక్కించినారా?" అని బొజ్జన్నను అడిగాడు.

బొజ్జన్న ఫ్రిజ్ వైపు చూశాడు. పద్మప్రియ చేయి విడిపించుకుంది.

"ఎవరికీ ఎక్కించలేదన్నా. ఈడనే ఉండాది" అంది.