ఎనిమిది పెడళ్ళకు ఒక కరెంటు పెట్టె

మైకు పెదవికి తగిలినప్పుడల్లా చీమ కుట్టినట్టుంటోందని, గిటారు వాయిస్తూ పాడే రెంగానిస్ నవ్వుతూ చెప్పింది. ఎంగ్‌కుస్ నవ్వలేదు. చేతిలోని రాగి తీగ చుట్టను బల్ల మీద పెట్టి, ఎన్నాళ్ళ నుంచి అని అడిగాడు.

"మూడు నెలలైంది మాంగ్. అలవాటైపోయింది."

"చీమ అలవాటవుతుంది. కరెంటుకి మనం అలవాటు పడకూడదు నెంగ్, అది మనకి అలవాటు పడదు."

బాండుంగ్‌లో ఏటి పక్కనున్న ఎలక్ట్రికల్ బజారులో, మేడ మీద మెట్లకి ఎదురుగా ఉంటుంది ఆయన కొట్టు. కొట్టంటే ఒక బల్ల, తీగ చుట్టే చేతి యంత్రం, గోడకి వేలాడే మీటర్లు. పదిహేడో ఏట రేడియో ఫ్యాక్టరీలో చేరి, అది మూతపడేదాకా ఇరవై ఏళ్ళు ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టాడు. ఆ తర్వాత ఊళ్ళో గిటారు వాయించేవాళ్ళు ఒకరి వెంట ఒకరు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. గిటారు ధ్వనిని చెదరగొట్టే, సాగదీసే, ప్రతిధ్వనింపజేసే చిన్న చిన్న డబ్బాలని వాళ్ళు పెడళ్ళంటారు. కాలితో నొక్కేవి కాబట్టి పలక మీద వరసగా బిగించుకుంటారు. ఒక్కోటీ ఒక్కో రకం కరెంటు అడుగుతుంది. వాటన్నిటికీ సరిపడా కరెంటునిచ్చే పెట్టెలు చుట్టడంలో ఎంగ్‌కుస్‌ని మించినవాడు ఆ బజారులో లేడు. అందరూ ఆయన్ని మాంగ్ అనే పిలుస్తారు, బాబాయి వరస; ఇంట్లోవాళ్ళకి ఆయన కాంగ్, ఆయనకి ఆడపిల్లలందరూ నెంగ్, అంటే అమ్మాయి.

రెంగానిస్ తన పలక తెచ్చి బల్ల మీద పరిచింది. ఎనిమిది పెడళ్ళు. ఒకే ఒక అడాప్టరు, దాన్నుంచి గొలుసులా వేలాడే తీగ. ఏడు పెడళ్ళు ఆ గొలుసుకే తగిలించి ఉన్నాయి. ఎనిమిదోది పాత ఫజ్, గిటారు గొంతుని బొంగురుగా చేసేది. దానికి ప్లస్సు మైనస్సు తారుమారు కాబట్టి గొలుసుకి తగిలిస్తే మొత్తం ఆగిపోతుంది, అందుకని దానికి విడిగా బ్యాటరీ వేసింది. పాట మధ్యలో బ్యాటరీ అయిపోయి రెండుసార్లు పరువు పోయిందట. పైగా వాయించినదాన్ని కాస్త ఆగి మళ్ళీ పలికించే డిలే పెడల్ వేయగానే తూనీగ రెక్కల చప్పుడులా సన్నని కూత.

ఎంగ్‌కుస్ ఒక్కో పెడల్నీ బోర్లించి, అద్దాలు ముక్కు మీదకి జార్చి, అడుగున ఉన్న అంకెలు చదివాడు. డిలేకి మూడువందల మిల్లీ యాంపియర్లు, పెద్ద హాల్లో మోగినట్టు చేసే రీవర్బ్‌కి నూటయెనభై, పాటని పట్టి తిప్పి వినిపించే లూపర్‌కి నూటడెబ్బై, మిగతా నాలుగింటికీ కలిపి డెబ్బై. మొత్తం ఏడువందల ఇరవై. అడాప్టరు ఇవ్వగలిగేది ఐదువందలు.

"ఐదుగురికి వండిన అన్నం ఏడుగురు తింటున్నారు. మండదా మరి పొయ్యి?" అన్నాడు. అడాప్టరు వీపు మీద ప్లాస్టిక్ అప్పటికే కమిలి గోధుమరంగు తిరిగింది.

దాన్ని ప్లగ్గులో పెట్టి, మీటరు ఒక కొన పెడల్ ఒంటికీ, రెండో కొన గోడలోని ఎర్తుకీ ఆనించాడు. తొంభై ఐదు వోల్టులు. రెంగానిస్ ముఖంలో నవ్వు పోయింది. కారేది కొద్దిపాటి కరెంటే కాబట్టి ఇప్పటికి చీమకాటుతో సరిపోతోందనీ, లోపల ఇంటి కరెంటునీ పెడళ్ళనీ వేరు చేసే చిన్న ముక్క ఒకటుందనీ, అది చిట్లితే మధ్యలో అడ్డు ఏమీ ఉండదనీ చెప్పాడు.

అప్పుడామె సంచిలోంచి ఇంకో పెట్టె తీసింది. అరచేతిలో పట్టేంత, రంగు దీపాలు, పైన 'దేని దారి దానిదే' అని అర్థమొచ్చే అక్షరాలు. ఆమె బ్యాండులో కీబోర్డు వాయించే తెగార్ కొనిచ్చాడు. శనివారం పంగాలెంగాన్ కొండ మీద తేయాకు తోటల మధ్య పెద్ద కచేరీ ఉంది, అందులో మొదటిసారి వీళ్ళకి పగటి పూట చోటు దొరికింది. ఇది సరిపోతుందని ఎంగ్‌కుస్ ఒక్క మాటంటే చాలు, పెట్టుకుని వెళ్ళిపోదామని వచ్చింది.

విప్పి చూడనా అని అడిగి విప్పాడు. పైన ఎనిమిది రంధ్రాలు వేరువేరుగా ఉన్నాయి గానీ లోపల అన్నిటి మైనస్సూ ఒకే రేకుకి అతికి ఉంది. ఒకే ఇంటికి ఎనిమిది తలుపులు పెట్టి ఎనిమిది ఇళ్ళని అమ్మినట్టు. ఫజ్‌ని దీనికి తగిలించినా అంతే సంగతులు.

"దేని చుట్టు దానికి వేసి కొత్తది చుట్టిస్తా. శుక్రవారం సాయంత్రానికి ఇస్తాను."

"ఎంత బరువుంటుంది మాంగ్?"

"నాలుగు కిలోలు."

 ఆమె ఆలోచనలో పడింది. ఇటు తెగార్‌కి కోపం వస్తుంది, అటు కచేరీ ముంచుకొస్తోంది. చుట్టండి, కానీ అక్కడికెళ్ళాక రెండూ వినే ఏది పెట్టుకోవాలో తేలుస్తాను అని చెప్పి, పలక సర్దుకుని మెట్లు దిగింది.

ఆ రెండు రోజులూ ఎంగ్‌కుస్ వేరే పని ముట్టలేదు. భార్య ఓనిహ్ మధ్యాహ్నం అన్నం పట్టుకొచ్చి, పొద్దున తెచ్చిన కూరగాయల పకోడీలు అలాగే చల్లారి ఉండడం చూసింది. చుట్టుకీ చుట్టుకీ మధ్య కరెంటు దాటకుండా ఒక వరస కాగితం వేయాల్సిన చోట ఆయన మూడు వరసలు వేస్తున్నాడు.

"కాంగ్, నువ్వు చుట్టేది పెట్టెనా, పసిపిల్లకి పొత్తిళ్ళా? ఆ పిల్ల ఏం అడిగింది, నువ్వేం చేస్తున్నావు?"

ఆయన ఇంకో కాగితం ముక్క కత్తిరించాడు. ఎందుకో ఆమెకి తెలుసు. తెలిసే అడిగింది, మాట్లాడతాడేమోనని.

ఎంగ్‌కుస్ తమ్ముడు యాయన్ గిటారు వాయిస్తూ పాడేవాడు. ఇరవై ఆరేళ్ళ క్రితం, ఒక పెళ్ళిపందిట్లో వాన పడి చాపలు తడిసి ఉండగా, గిటారు మెడలో వేసుకుని మైకు పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి వదల్లేకపోయాడు. ఎవరో మెయిను ఆపేసరికే ప్రాణం పోయింది. వాడి పెడళ్ళకి కరెంటునిచ్చిన పెట్టె ఎంగ్‌కుస్ ఫ్యాక్టరీలో మిగిలిన తీగతో చుట్టి ఇచ్చిందే. తప్పు దానిదో, పందిరి వైరింగుదో ఎవరూ చూడలేదు. పందిరివాళ్ళు ఆ గందరగోళంలో అన్నీ లారీకెత్తుకుని పోయారు. ఎంగ్‌కుస్ వారం రోజులు వాళ్ళ గోదాముల చుట్టూ తిరిగాడు, పెట్టె దొరకలేదు. కాగితం ఒక్క వరసే వేశానా, రెండా అన్న ప్రశ్న ఆనాటి నుంచి ఆయన్ని వదల్లేదు. తమ్ముడి భార్య తితిన్ ఇల్లు ఊరి ఆ చివరే. పండక్కి వంటలు ఓనిహ్ చేత పంపించేవాడు తప్ప, ఆ గడప మళ్ళీ తొక్కలేదు.

శుక్రవారం సాయంత్రం పెట్టె తీసుకోవడానికి రెంగానిస్ రాలేదు, కొండ మీదకి ముందే వెళ్ళిపోయారని కబురొచ్చింది. శనివారం తెల్లారగానే ఎంగ్‌కుస్ పెట్టెని లుంగీలో చుట్టి, మీటరూ స్క్రూడ్రైవర్లూ సంచిలో వేసుకుని వ్యాను ఎక్కాడు. దారంతా పెట్టెని ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు.

పదకొండింటికి చేరేసరికి కొండ మీద మబ్బు కమ్మి ఉంది. వేదిక చెక్కలు తుంపరకి చెమ్మగిల్లాయి. వెనక జనరేటరు మోత. రెంగానిస్ వాళ్ళది రెండింటికి. వేదిక పక్కన తెగార్ తాను కొన్న పెట్టెనే పలకకి బిగించి ఉంచాడు. ముసలాయన్ని చూసి మర్యాదగానే తల వంచాడు గానీ, "ఇంత దూరం ఇటుక మోసుకొచ్చారా మాంగ్" అనకుండా ఉండలేకపోయాడు.

"మోసింది నేను. నీకెందుకు నడుం నొప్పి?" అన్నాడు ఎంగ్‌కుస్.

ముందరి బ్యాండు ముగించగానే, రెంగానిస్ మైకుకి దూరంగా నిలబడి ముందు తెగార్ పెట్టెతో వాయించింది. డిలే నొక్కగానే సన్నని కూత, ఇంత పెద్ద స్పీకర్లలో చెవిలో సూది పెట్టి తిప్పినట్టుంది. తీసి ఎంగ్‌కుస్ పెట్టె తగిలించింది. ఫజ్‌కి కూడా బ్యాటరీ పీకేసి, ఆయన తిరగేసి కట్టిన తీగ పెట్టింది. ఎనిమిదీ వెలిగాయి. తీగల మీద చెయ్యి ఆనించి ఊరుకుంది. ఏ చప్పుడూ లేదు. తెగార్ తన పెట్టెని జేబులో వేసుకున్నాడు.

ఆమె నవ్వుతూ మైకు వైపు అడుగేసింది.

"ఆగు నెంగ్. దాన్ని ముట్టుకోకు."

ఆయన గొంతు ఎప్పుడూ అంత పైకి లేవదు. ఆమె ఉన్నచోటనే నిలిచిపోయింది. ఎంగ్‌కుస్ వేదికెక్కి, మీటరు ఒక ముల్లు మైకు జాలీకీ, రెండోది ఆమె గిటారు తీగలకీ ఆనించాడు.

నూటయెనభై.

మళ్ళీ ఆనించాడు. అదే అంకె. నూటయెనభై వోల్టులు చీమ కాదు. ఈ తడి చెక్కల మీద గిటారు పట్టుకున్న చేత్తో ఆమె మైకుని పెదవికి ఆనించి ఉంటే ఏమయ్యేదో ఆయనకి ఒకరు చెప్పనక్కర్లేదు. గిటారు మెడలోంచి తియ్యి, కింద పెట్టు, వెనక్కి జరుగు అని ఒక్కొక్క మాటే కూడగట్టుకుని చెప్పాడు. ఆమె తీసింది.

 పలక మీద మెరుస్తున్నది తన పెట్టే. మూడు వరసల కాగితం వేసిన పెట్టె. రెండు రోజులు గంట గంటకీ పరీక్షించిన పెట్టె. ఇప్పుడు కూడా తప్పు తనదేనా? 

వేదిక నడిపే హారున్ పరుగున వచ్చాడు. ముందరి బ్యాండు సర్దుకుంటోంది, టైము దాటుతోంది, ఏమిటీ ఆలస్యమని విసుక్కున్నాడు. ఎంగ్‌కుస్ వినిపించుకోలేదు. విషయం తేలాలంటే ఒకటే దారి. తన పెట్టెని ప్లగ్గులోంచి పీకి, పలక మొత్తాన్నీ పక్కకి నెట్టాడు. గిటారు వైరుని తిన్నగా యాంప్లిఫయరులో పెట్టాడు. మోకాళ్ళ మీద కూర్చుని, మళ్ళీ ముళ్ళు ఆనించాడు.

నూటయెనభై.

పెట్టె లేకుండా కూడా అదే అంకె.  రెంగానిస్ వంగి, "ఏమైంది మాంగ్?" అంది.

"నాది కాదు," అన్నాడు. ఆమెకేం అర్థం కాలేదు.

యాంప్లిఫయరు వైరు వెంట పాక్కుంటూ వెళితే చెక్క కింద ఒక పాత జంక్షన్ బాక్సు దొరికింది. ప్లగ్గు పీకి మూత విప్పాడు. ఎర్తు తీగని ఎవరో వెనక్కి మడిచి టేపు చుట్టేశారు. దాన్ని తగిలించాల్సిన చోట తగిలించి, అందర్నీ దూరంగా జరగమని, హారున్‌ని కరెంటు వెయ్యమన్నాడు. వేసీ వెయ్యగానే జనరేటరు దగ్గర బ్రేకరు టప్పుమని పడిపోయింది. వేదిక దీపాలు ఆరిపోయాయి, స్పీకర్లు మూగబోయాయి, ముందు కూర్చున్న జనం ఈలలు వేశారు.

"చూశావా?" అన్నాడు ఎంగ్‌కుస్ హారున్‌తో. "ఆ యాంప్లిఫయరు ఒంట్లోనే జనరేటరు కరెంటు తిరుగుతోంది. ఎర్తు ఉంటే ఇలా ఆగిపోతుందనే ఎవరో పీకేశారు. పొద్దున్నుంచి ఎంతమంది దాని ముందు నిలబడ్డారో, వాళ్ళ అదృష్టం."

"మాది అద్దె సామాను మాంగ్..."

"ప్రాణం అద్దెది కాదుగా."

 హారున్ కుర్చీ లాక్కుని కూర్చుని చెమట తుడుచుకున్నాడు. పొద్దున ఒక గాయకుడు చెయ్యి జివ్వుమందని చెబితే తను నవ్వి కొట్టిపారేశానని మెల్లగా ఒప్పుకున్నాడు. ఇంకో యాంప్లిఫయరు తెప్పించాడు. అప్పుడు ఎంగ్‌కుస్ వేదిక మీద ఉన్న నాలుగు జంక్షన్ బాక్సులూ విప్పి చూశాడు, వాటిలో ఇంకొకదానికి కూడా ఎర్తు లేదు. అదీ కట్టాక, పెట్టె మళ్ళీ తగిలించి కొలిస్తే మీటరు ఒక వోల్టు కూడా చూపించలేదు. అప్పటికి రెండున్నర దాటింది.

"ఇప్పుడు పాడుకో," అన్నాడు.

రెంగానిస్ మైకు దగ్గరికి వచ్చింది గానీ పెదవి ఆనించడానికి వెనకాడింది. ఎంగ్‌కుస్ ముందుకొచ్చి, ఒక చేత్తో గిటారు తీగలూ రెండో చేత్తో మైకూ పట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. వదిలి, పక్కకి తప్పుకున్నాడు. నాలుగు పాటలు పాడాల్సినది, టైము తరిగిపోయి మూడే పాడింది. జనం ఇంకోటి అడిగారు, హారున్ ఒప్పుకోలేదు.

దిగి వచ్చాక తెగార్ అల్లం పాకం గ్లాసు తెచ్చి ఎంగ్‌కుస్ చేతికిచ్చి, సోమవారం తన కీబోర్డు అడాప్టరు కూడా పట్టుకొస్తానన్నాడు.

ఇంటికొచ్చి ఓనిహ్‌కి జరిగిందంతా చెప్పాడు. యాయన్ పెట్టె సంగతి దీంతో తేలలేదని, అది ఎప్పటికీ తేలదని కూడా అన్నాడు. ఓనిహ్ అంతా విని, "తేలకపోతే పోనీ. రేపు ఆదివారమే కదా," అంది.

మర్నాడు ఇద్దరూ తితిన్ ఇంటికి వెళ్ళారు. తలుపు తీసిన తితిన్ జుట్టు సగం నెరిసింది. ఎంగ్‌కుస్ గడప బయటే నిలబడి, ఆ పెట్టెకి కాగితం ఎన్ని వరసలు వేశానో తనకి గుర్తు లేదని చెప్పాడు. ఇరవై ఆరేళ్ళుగా అనుకున్న మాటల్లో బయటికొచ్చింది ఆ ఒక్కటే.

తితిన్ రెండో తలుపు రెక్క కూడా తీసింది. తర్వాత, "ఆ రోజు మైకు షాకు కొడుతోందని పందిరివాడికి చెప్పి కూడా ఆయన వేదిక ఎక్కాడు, కాంగ్. నాతో చెప్పే ఎక్కాడు. ఈ మాట ఇంకొకరితో పంపలేక, మీకే చెబుదామని ఎన్నేళ్ళు చూశాను. మీరు వస్తే కదా," అంది.

ఎంగ్‌కుస్ గుమ్మం పట్టుకున్నాడు. ఓనిహ్ ఆయన చేతిలోని సంచి తీసుకుంది. అన్నం పెడతాను, లోపలికి రండి అంది తితిన్.