సిస్టరమ్మ ఆపిన గోలీ

మా పక్కింటి సిస్టరమ్మ పోయిన సోమవారం పొద్దున కన్నుమూసింది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయ్యాక, చొప్పదండిలో మా గోడ పక్కనే ఉండేది. మా కోడలు ఈరోజు బతికి ఉందంటే ఆమె పుణ్యమే.

చదివేవాళ్లకు నా తప్పు కూడా చెప్పాలి. రెండేళ్ల కిందట కోడలు కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది, పొయ్యి మీద పాలు మరిచేది. నిర్లక్ష్యమనుకుని రోజూ కోప్పడ్డాను. ఒకరోజు సిస్టరమ్మ నన్ను గోడ దగ్గరికి పిలిచింది.

"తిట్టుడు ఆపు వదినా. ఆ పిల్ల కుడిచెయ్యి చూసినవా? గిన్నె పట్టుకుంటే జారుతున్నది. దవాఖానకు తీస్కపో."

కరీంనగర్‌లో స్కాన్ తీస్తే మెదడులో గడ్డ కనిపించింది. హైదరాబాదులో సూదితో ముక్క తీసి పరీక్షించాలన్నారు. దానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. తలనొప్పి తట్టుకోలేకపోతుంటే ఊళ్లో వైద్యం చేసే ఒకాయన వాపు తగ్గడానికి గోలీలు రాసిచ్చాడు. కోడలి నోట్లో వేయబోతుంటే సిస్టరమ్మ చీటీ చదివి నా చెయ్యి పట్టుకుంది.

"ఇది స్టెరాయిడ్. ఒక తీరు గడ్డ దీనికి కరిగినట్టే కరిగి దాక్కుంటది. తర్వాత ముక్క తీసినా రోగం పేరు దొరకది. ముందుగాల పెద్ద డాక్టర్‌ను అడుగు."

"నొప్పికి ఏడుస్తున్నది గదా పిల్ల."

"ఏడ్వనీ. నేను పక్కన కూసుంట."

ఫోనులో హైదరాబాదు డాక్టరూ అదే చెప్పాడు. వాంతులైనా, మత్తుగా ఉన్నా వెంటనే తీసుకురమ్మన్నాడు. ఆ నాలుగు రోజులూ సిస్టరమ్మ మా ఇంట్లోనే ఉంది. పరీక్షలో తేలింది: లింఫోమా. తెల్లరక్తకణాల క్యాన్సర్, అరుదుగా ఇలా మెదడులోనే పుడుతుందట, కానీ మందుకు లొంగే రకం.

"పేరు దొరికింది గదా, ఇగ మందు దాన్ని ఎతుక్కుంటది," అంది సిస్టరమ్మ.

రెండు వారాలకోసారి ఆసుపత్రిలో పెద్ద మోతాదు మందు ఎక్కించేవారు. అది మూత్రంతో బయటికి పోకపోతే కిడ్నీలు దెబ్బతింటాయి. తాగిన నీళ్లు, వచ్చిన మూత్రం నేను కొలిచి పుస్తకంలో రాసేదాన్ని. లెక్కలో నన్ను తప్పు పట్టినవాళ్లు లేరు. తోడుగా వచ్చిన సిస్టరమ్మ ఒకసారి నా పుస్తకం చూసి నవ్వింది.

"సుమారు అని రాసినవు. సుమారంటే చెంచెడా వదినా, చెంబెడా?"

ఆ తరువాత ఆ మాట మళ్లీ రాయలేదు.

పోయిన నెల స్కానులో గడ్డ జాడ లేదు. అప్పటికే గుండెజబ్బుతో మంచం పట్టిన సిస్టరమ్మకు చూపించాలని కోడలు ఆ ఫిల్ము తీసుకుని తనే నడిచి వెళ్లింది. సిస్టరమ్మ కిటికీ తెరిపించి, ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. కోడలు రెండో అంచు పట్టుకుంది.

"ఏం లేదు," అంది సిస్టరమ్మ. ఇంకోసారి చూసి, "ఏం లేదు బిడ్డా," అంది.

చూడటం అయిపోయినా ఇద్దరూ ఫిల్మును దించలేదు. పొద్దుటి ఎండ దానిలోంచి వడగట్టుకుని, వాళ్ల ముఖాల మీద బూడిదరంగు వెలుగై పడుతూ ఉంది.